నాణెం ఎగరెయ్యని లెక్కల క్లాసు

ఇంట్లో పదో తరగతి చదివే పిల్లో పిల్లాడో వుంటే ఈ పూట ఒక్క ప్రశ్న వేసి చూడండి. "నాణెం ఎగరేస్తే బొమ్మ పడే సంభావ్యత ఎంత?" అనండి. తల ఎత్తకుండానే "ఒకటి బై రెండు" అని చెప్పేస్తారు. "నీకెలా తెలుసు?" అనండి. "పుస్తకంలో వుంది" అంటారు. "ఎప్పుడైనా ఎగరేసి లెక్క పెట్టావా?" అని అడిగారో, అమ్మకేదో అయిందన్నట్టు మీ వంక చూస్తారు.

పిల్లల్ని అనడం లేదు నేను. ఆ పాఠం వాళ్ళకి చెప్పిన తీరుని అంటున్నాను.

సంభావ్యత! పేరు వింటేనే ఎవరికో పంచెల చాపు పెట్టి సంభావన ఇచ్చుకోవాలేమోనని బెదురు పుడుతుంది. అసలు సంగతి చాలా చిన్నది. ఒక పని జరగొచ్చు, జరక్కపోనూ వచ్చు. జరగడానికి ఎంత వీలుందో అంచనా కట్టడం, అంతే. మబ్బు వంక చూసి వడియాలు పెట్టాలా మానాలా అని తేల్చుకునే ప్రతి ఇల్లాలూ రోజూ చేసే పనే ఇది. కాకపోతే మనం కళ్ళతో చూసి, నాలుగుసార్లు దెబ్బతిని నేర్చుకున్నాం. పిల్లలకి ఆ చూడడం లేదు, దెబ్బతినడం లేదు. సూత్రం ఒకటి ఇచ్చి, దాని కింద పది లెక్కలు ఇచ్చి, రెండు మార్కుల ప్రశ్న వస్తుందని చెప్పి పంపేస్తారు. వంటల పుస్తకం బట్టీ పట్టించి, పొయ్యి దగ్గరకి రానివ్వకుండా, "మీ అమ్మాయికి వంట వచ్చేసిందండీ" అన్నట్టుంది ఈ చదువు.

ఇంతకన్నా విడ్డూరం ఇంకోటి జరిగింది. పిల్లలకి భారం తగ్గిస్తున్నామని 2022లో ఎన్‌సీఈఆర్‌టీ వారు పాఠాలు కత్తిరించారు. తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకంలో సంభావ్యత అధ్యాయం మొత్తం ఎగిరిపోయింది. ఆ పోయిన అధ్యాయం ఏమిటనుకున్నారు? నాణేలు ఎగరేసి, పాచికలు దొర్లించి, ఎన్నిసార్లు ఏది పడిందో పట్టిక రాసుకుని తెలుసుకోమన్న అధ్యాయం. పదో తరగతిలో సూత్రంతో లెక్క కట్టే అధ్యాయం మాత్రం పదిలంగా వుండిపోయింది. భారం తగ్గించమంటే ఆట తీసేసి బరువు వుంచారన్నమాట! సంచీలోంచి బెల్లం తీసేసి రాళ్ళు వుంచి, "చూశావా ఎంత తేలికైందో" అంటే ఏం చెప్పగలం?

ఆ లెక్కలైనా ఎలా వుంటాయో చూడండి. "బాగా కలిపిన 52 పేకముక్కల నుంచి ఒక ముక్క తీయగా అది ముఖ కార్డు అగుటకు సంభావ్యత ఎంత?" మన ఇళ్ళల్లో ఆడపిల్లకి పేకముక్క ముట్టుకోనిచ్చే వాళ్ళెందరు? నాన్నగారి స్నేహితులు పేకాటకి కూర్చుంటే కాఫీలు అందించి వచ్చెయ్యడమే గానీ, ఆఠీను ఏదో కళావరు ఏదో దానికేం తెలుసు? అయినా "ఎర్రవి 26, నల్లవి 26, ముఖ కార్డులు 12" అని సంధ్యావందనం మంత్రంలా అప్పజెప్పుతుంది. పేకముక్కలు ముట్టుకుంటే చెడిపోతారు గానీ, బట్టీ పడితే మార్కులొస్తాయి. ఇదీ మన నీతి.

"ఒకటి బై రెండు అని తెలిసిపోయాక ఇంకా ఎగరెయ్యడం దేనికండీ, టైము దండగ" అని ఒక లెక్కల మేష్టారు నాతో వాదించారు. తెలిసిపోయిందా? ఏం తెలిసింది? ఆ పిల్ల చేత పదిసార్లు ఎగరేయించండి. ఐదు బొమ్మలు, ఐదు బొరుసులు పడతాయనే అనుకుంటుంది. సరిగ్గా అలా పడేది సుమారు నాలుగోవంతు సార్లే. ఆరూ నాలుగో, ఏడూ మూడో పడుతుంది. అప్పుడు దాని మొహం చూడాలి. "పుస్తకం తప్పా? నాణెం తప్పా?" అని తెల్లబోతుంది. ఆ తెల్లబోవడంలోనే వుంది పాఠమంతా. నలభై మంది వున్న క్లాసులో తలా పాతికసార్లు ఎగరేస్తే వెయ్యి అవుతుంది. పదికీ, వందకీ, వెయ్యికీ ఎంతెంత వంతు బొమ్మ పడిందో నల్లబల్ల మీద రాస్తూ పోతే, మొదట్లో తాగినవాడిలా తూలిన ఆ అంకె, పోనుపోను సగానికి దగ్గరగా నిలదొక్కుకుంటుంది. పుస్తకంలో వున్న "ఒకటి బై రెండు"కి అర్థం అది. దీనికి ఒక్క పీరియడు చాలు.

ఈ పని పిల్లలాట అని చప్పరించే వాళ్ళ కోసం జాన్ కెరిచ్ సంగతి చెప్తాను. ఆయన దక్షిణాఫ్రికాలో లెక్కలు చెప్పేవాడు. 1940 ఏప్రిల్లో డెన్మార్కులో అత్తవారింటికి వెళ్ళాడు. వెళ్ళిన వేళ ఏమిటోగానీ సరిగ్గా అప్పుడే జర్మన్ సైన్యం ఆ దేశంలోకి దిగబడింది. అల్లుడుగారు కాస్తా నిర్బంధ శిబిరంలో పడ్డాడు. అక్కడ చేసేదేం లేక తోటి ఖైదీ ఒకాయన్ని తోడు పెట్టుకుని నాణెం ఎగరెయ్యడం మొదలుపెట్టాడు. ఎన్నిసార్లనుకున్నారు? పదివేలు. బొమ్మ 5067 సార్లు పడింది. యుద్ధం అయ్యాక 1946లో ఆ ప్రయోగాల మీద పుస్తకమే వేశాడు. అంతకుముందు కార్ల్ పియర్సన్ అనే మహానుభావుడు 24,000 సార్లు ఎగరేయించి, 12,012 బొమ్మలు లెక్క తేల్చాడు. పదిమందికీ పాఠం చెప్పగలిగిన వాళ్ళకే ఎగరేసి చూసుకోవాలనిపించింది. మన పిల్లలకి మాత్రం అక్కర్లేదట!

కెరిచ్ అంకెల్లో ఒక చిత్రం చూడండి. పదివేలలో సగం ఐదువేలు. బొమ్మ 67 సార్లు ఎక్కువ పడింది. అంటే నాణెం "అయ్యో, బొమ్మలు ఎక్కువ వేశాను, ఇప్పుడు కాసిని బొరుసులు వేసి బాకీ తీర్చేద్దాం" అనుకోలేదు. అది బాకీలు తీర్చదు. దానికి గుర్తే లేదు. పదివేల ముందు ఆ 67 చిన్నదైపోయింది, అంతే. ఈ ఒక్క ముక్క పిల్లల బుర్రలో దిగడానికి ఎన్ని సూత్రాలు వల్లించినా చాలవు, చేత్తో ఎగరెయ్యాలి.

ఈ ముక్కతో మనకేం పని అంటారా? అక్కడికే వస్తున్నాను.

ఒక తమాషా ప్రయోగం వుంది. క్లాసులో సగం మంది ఇంట్లో నిజంగా వందసార్లు నాణెం ఎగరేసి వరసగా రాసుకు రావాలి. మిగతా సగం ఎగరెయ్యకుండా ఊహించి రాసుకు రావాలి. ఎవరు ఏది చేశారో చెప్పకూడదు. కాయితాలు చూసి మేష్టారు దొంగల్ని చాలా వరకు పట్టేస్తారు. ఎలాగంటే, ఊహించి రాసేవాళ్ళు బొమ్మ, బొరుసు, బొమ్మ, బొమ్మ, బొరుసు అంటూ మార్చి మార్చి రాస్తారు. ఐదు బొమ్మలు వరసగా రాయడానికి చెయ్యి రాదు. నిజంగా ఎగరేస్తే వందలో ఎక్కడో ఒకచోట వరసగా ఐదుసార్లు ఒకే పక్క పడడం దాదాపు ఖాయం. వరసలు రావడం చాలా మామూలు. దానికి కారణం వెతకనక్కర్లేదు.

ఇప్పుడు క్లాసులోంచి ఇంట్లోకి రండి. వరసగా నలుగురు ఆడపిల్లల్ని కన్న కోడలి సంగతి ఆలోచించండి. ఏ పాపం చేసిందో అన్నారు. ఏ నాగుల పుట్ట తవ్విందో అన్నారు. కడుపులో దోషం అన్నారు. నలుగురు పిల్లలున్న ఇళ్ళు ఒక వంద తీసుకుంటే, సుమారు పదహారు పదిహేడిళ్ళకి ఒకింట్లో నలుగురూ ఆడపిల్లలే వుండడం మామూలు లెక్క. నాణెంలో వచ్చే వరస లాంటిదే అది. ఏ ఇంట్లో అన్నది ఎవరి చేతిలోనూ లేదు. ఆ మాటకొస్తే పుట్టేది ఆడో మగో తేలేది తండ్రి వైపు నుంచి వచ్చే కణాన్ని బట్టి అని జీవశాస్త్రం పాఠంలో వుంది. ఆ పాఠం కూడా బట్టీయే కాబోలు, పరీక్ష అవగానే అందరూ మర్చిపోతారు.

ఇంకా ఘోరం ఆ తరువాతి మాట. "నలుగురు ఆడపిల్లలయ్యారు గదా, ఈసారి మగపిల్లాడే. ఖాయం." ఎవరు చెప్పారు ఖాయమని? ప్రకృతికి బాకీ గుర్తుంటుందా? ఐదోసారి కూడా మొదటిసారి ఎంతో అంతే, ఇంచుమించు సగానికి సగం. ఈ "ఖాయం" అన్న ఒక్క మాట నమ్మి, ఒంట్లో రక్తం లేకుండా ఐదో కాన్పుకీ ఆరో కాన్పుకీ వెళ్ళిన ఆడవాళ్ళు మన అమ్మల తరంలో ఎంతమందో! ఇప్పుడు ఇద్దరితో ఆపుతున్నారు గనక ఆ మాట ఇంకో రూపం ఎత్తింది. మొదటిది ఆడపిల్ల అయితే రెండోది మగపిల్లాడే కావాలని ఖాయం చేసుకోవడానికి స్కానింగులు వచ్చాయి. 1994లో చట్టం చేసి నిషేధించినా లోపాయికారీగా సాగాయి. ఫలితం జనాభా లెక్కల్లో కనిపించింది. ఆరేళ్ళ లోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకి ఆడపిల్లలు 1991లో 945 మంది, 2001లో 927 మంది, 2011లో ఇంకా తక్కువ.

ఈ అంకె చూసి, "ఏదో అలా పడిపోయి వుంటుంది, ఓసారి తక్కువ ఓసారి ఎక్కువ" అనడానికి వీల్లేదు సుమండీ. పదిసార్లు ఎగరేసిన నాణెం ఏడూ మూడూ పడొచ్చు. కోట్లమంది పిల్లల్లో అలా పడదు. సహజంగా నూరుగురు ఆడపిల్లలకి సుమారు నూట ఐదుగురు మగపిల్లలు పుడతారు. అంతకు మించి తేడా కనిపించిందంటే అక్కడ ఎవరిదో చెయ్యి పడిందనే అర్థం. ఏది యాదృచ్ఛికమో, ఏది మనుషులు చేసిందో విడదీసి చూపించే విద్య ఇది. కోడలి తప్పు కాని దాన్ని కోడలి నెత్తిన రుద్దకుండానూ, మనుషులు చేసిన దాన్ని దేవుడి మీదకి నెట్టకుండానూ చూసే విద్య. దీన్ని రెండు మార్కుల ప్రశ్న చేసి కూర్చోబెట్టారు!

"పిల్లల చేత నాణేలూ పాచికలూ పట్టించి జూదం నేర్పుతారా?" అని ఇంకో వర్గం వారి అభ్యంతరం. బడిలో పాచిక కనబడితే తల్లిదండ్రులే తగవుకి వస్తారట. అలా వచ్చే వారికి నలుడి కథ మళ్ళీ ఓసారి గుర్తు చెయ్యాలి. జూదంలో రాజ్యం పోగొట్టుకుని, భార్యని అడవిలో వదిలేసి, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర రథం తోలుతున్న నలుడు. దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టుని చూసి ఇన్ని ఆకులు, ఇన్ని కాయలు అని అంచనా చెప్పాడు. నలుడు వూరికే నమ్మలేదు. రథం ఆపి, చెట్టు కొట్టి, లెక్కపెట్టి చూశాడు. సరిపోయింది. (ఆ తాండ్రకాయలే పూర్వం పాచికలుగా వాడేవారని మర్చిపోకండి.) అప్పుడు ఋతుపర్ణుడు అక్షహృదయం, అంటే పాచికల గుట్టు నేర్పాడు. నేర్చుకున్న క్షణాన ఏం జరిగింది? నలుణ్ణి పట్టుకున్న కలిపురుషుడు బయటికి పోయాడు! జూదం పిశాచం వదిలింది పాచికలు దాచిపెట్టినందువల్ల కాదు, పాచికల లెక్క తెలిసినందువల్ల. ఈ కథ ధర్మరాజుకి బృహదశ్వుడు చెప్పి, ఆ విద్య ఆయనకీ నేర్పాడు. ఎప్పుడూ? సర్వం ఓడిపోయి అడవిలో కూర్చున్నాక. ఆ పాఠం కాస్త ముందు అయి వుంటే ద్రౌపదికి ఆ సభకి రావలసిన గతి పట్టేది కాదు గదా!

మన కాలపు పాచికలు ఫోన్లో వుంటున్నాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో దేశమంతటికీ పార్లమెంటు చట్టం చేసింది. చట్టం మంచిదే. కానీ వద్దన్న గోడని ఎలా దూకాలో పదిహేనేళ్ళ కుర్రాడికి మనకన్నా బాగా తెలుసు. వాడికి తెలియనిది లెక్క. అది వంటింటి గడప మీద కూర్చుని నేర్పచ్చు. వాడికి అరవై చింతపిక్కలు ఇవ్వండి. మీరు డబ్బా నిండా పెట్టుకుని కూర్చోండి. ఒక్కో ఆటకి వాడు ఒక పిక్క కట్టాలి. పాచిక వేసి ఆరు పడితే మీరు ఐదు పిక్కలు ఇవ్వాలి. "ఒకటికి ఐదా!" అని వాడు ఎగిరి గంతేస్తాడు. మొదట్లో గెలవనూ వచ్చు, గెలిచి మిమ్మల్ని వెక్కిరించనూ వచ్చు. అరవై ఆటలకి వాడు కట్టేది అరవై, ఆరు పడేది సుమారు పదిసార్లు, చేతికొచ్చేది సుమారు యాభై. ఆడుతున్నకొద్దీ పిక్కలు మీ డబ్బాలోకే నడిచొస్తాయి. వాడి చేత్తో వేసిన పాచికే, మోసం ఏమీ లేదు, అయినా ఖాళీ అయింది వాడి గుప్పిలి. నాన్నగారి ఉపన్యాసాలు వంద విన్నా ఎక్కనిది ఆ ఖాళీ గుప్పిలితో ఎక్కుతుంది.

మేష్టార్లనీ పూర్తిగా తప్పు పట్టలేం. నలభై నిమిషాల పీరియడు, అరవైమంది పిల్లలు, నెత్తిన సిలబస్సు, వెనకాల ర్యాంకుల కోసం కాపు కాసే యాజమాన్యం. క్లాసులో నాణేల మోత వినబడితే "ఏమిటా అల్లరి" అని హెడ్మాస్టరు వచ్చి నిలబడతాడు. నాకు తెలిసిన ఒక టీచరమ్మ పిల్లల చేత పాచికలు వేయించినందుకు ఆఫీసు రూములో సంజాయిషీ చెప్పుకుంది. ఆ బడి పేరు చెప్పను గానీ, దాని గోడ మీద "ఆడుతూ పాడుతూ చదువు" అని రెండడుగుల అక్షరాలతో రాసుంది!

నాకు మనవాళ్ళ మీదే ఎక్కువ కోపం. "లెక్కలు మావారు చూస్తారండీ, నాకు రావు" అని చిరునవ్వుతో చెప్పేస్తాం, అదేదో ఆభరణమైనట్టు. నేనూ ఆర్ట్సు చదివినదాన్నే. కానీ ఇక్కడ కావలసింది లెక్కలు కాదు, లెక్కపెట్టడం. చీటీపాటల్లో, లక్కీ డ్రాల్లో మనల్ని మించిన వాళ్ళెవరు? ఇరవైమంది కూడి స్టీలు డబ్బాలో చీటీలు వేస్తే, "ముందు నేను తీస్తా, ఆఖరికి మిగిలేదేముంది" అని ఒకావిడ, "ఉండండి, ఆఖరి చీటీదే అదృష్టం" అని ఇంకోావిడ. మాటా మాటా పెరిగి రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోవడం నేను చూశాను. మొదటావిడకి ఇరవైలో ఒక వంతు. రెండో ఆవిడ దాకా ఆ చీటీ మిగలడానికి ఇరవైలో పందొమ్మిది వంతులు, మిగిలాక పందొమ్మిదిలో ఒక వంతు. గుణిస్తే మళ్ళీ ఇరవైలో ఒకటే! నమ్మకం లేకపోతే ఐదు చీటీలు చేసి, ఒకదానికి కుంకం బొట్టు పెట్టి, పిల్లల్ని ఐదుగుర్ని కూర్చోబెట్టి వందసార్లు తీయించండి. ఎవరి వంతు ఎన్నోదో రాసుకోండి.

రెండు నాణేలు కలిపి ఎగరేసినా బాగుంటుంది. "రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, ఒకటీ ఒకటీ. మూడే రకాలు, కాబట్టి మూడో వంతు చొప్పున" అంటారు పిల్లలు. వెక్కిరించకండి. దాలంబేర్ అనే ఫ్రెంచి గణిత పండితుడు 1754లో ఇలాంటి లెక్కలోనే కాలు జారాడు. రెండుసార్లు ఎగరేస్తే ఒక్క బొమ్మయినా పడే వీలు నాలుగింట మూడు వంతులైతే, ఆయన మూడింట రెండని అచ్చులో వేశాడు. ఒక మధ్యాహ్నం పూట వందసార్లు ఎగరేసి వుంటే, "ఒకటీ ఒకటీ" అన్నది సగం సార్లు పడుతుందని ఆయనకే తెలిసేది.

నాణెమైనా పాచికైనా పక్కలన్నీ సమానం గనక ఎగరెయ్యకపోయినా సూత్రంతో గట్టెక్కచ్చు. గవ్వ సంగతేమిటి? దాని వీపు బోర్లించిన చిప్పలా గుండ్రం, నోరున్న పక్క చదును. దాన్ని ఏ సూత్రంలో ఇరికిస్తారు? వేసి చూడడం తప్ప వేరే దారి లేదు. లెక్కల మేష్టారైనా, వంటింట్లో మనమైనా ఆ గవ్వ ముందు సమానమే. ఆ మాటకొస్తే లోకంలో చాలా సంగతులు నాణెంలా వుండవు, గవ్వలాగే వుంటాయి. ఏ మందు ఎంతమందికి పనిచేస్తుంది, ఏ విత్తనం వందకి ఎన్ని మొలకెత్తుతుంది అన్నవన్నీ వేసి, లెక్కపెట్టి తెలుసుకోవలసినవే.

అంచేత ఈ ఆదివారం పాత పెట్టె తీసి అష్టాచమ్మా గవ్వలు నాలుగు వెతకండి. (నాణేలు ఎలాగూ దొరకవు, ఫోనుతో కూరగాయలు కొంటున్నాం గదా.) గవ్వలు లేకపోతే చింతపిక్కలు ఒక పక్క తెల్లగా అరగదీసినా సరే. పాత క్యాలెండరు కాయితం వెనక గళ్ళు గీయించండి. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గవ్వకి రెండు పక్కలూ సమానమే అయితే రెండూ పదహారింట ఒకటి చొప్పున పడాలి. అలా పడతాయా, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువా? మీ ఇంటి గవ్వల సంగతి నేను చెప్పలేను, పిల్లల పుస్తకంలోనూ వుండదు. రెండు వందల సార్లు వేయించండి. ఆ తరువాత అదే కాయితం ఇచ్చి పిల్లని సోమవారం బడికి పంపండి, మేష్టారు ఏమంటారో చూద్దాం.